తిండి లెక్కకు సెలవు

ఈ సంవత్సరపు సంచికకు సైన్సు విభాగం తరఫున ఒక వ్యాసం ఇమ్మని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు "శరీరంలో శక్తి ఉత్పాదన" అని ఒక పేరు చెప్పి తప్పించుకున్నాను. తీరా నాలుగు పేజీలు వ్రాసి చూసుకుంటే అది అచ్చం నా సెకండియర్ నోట్సులాగే ఉంది. పరీక్షల కోసం ఒకసారి చదివినదాన్ని సావనీరులో మళ్ళీ చదివించడం పాపం. కాబట్టి ఆ కాగితాలు పక్కన పెట్టి, అదే విషయం మా ఇంట్లో, మా నాయిన ఒంటి మీద ఎట్లా నడిచిందో వ్రాస్తున్నాను. ఇందులో పొరపాటు చేసినది నేనే గనుక ఎవరినీ నొప్పించే భయం లేదు.

మాది శంషాబాద్. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుండి మా వైపుకు మారినప్పుడు నేను ఐదేళ్ళ పిల్లను. అంతవరకు మా నాయిన పొలం పని చేసేవాడు. ఆ తర్వాత రెండేళ్ళకు డ్రైవింగు నేర్చుకొని ట్యాక్సీ పట్టాడు. మా చుట్టుపక్కల ఇట్లా నాగలి వదిలి స్టీరింగు పట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. పొద్దున జొన్నరొట్టె, తొక్కు, సల్ల. పొలం కాడ సద్ది. రాత్రి అన్నం, పప్పు. తిండి అదే నడిచింది, పనే మారిపోయింది. పైగా పార్కింగులో ట్రిప్పు కోసం రెండు మూడు గంటలు కూర్చోవాలి. గల్ఫుకు, అమెరికాకు పోయే విమానాలు చాలావరకు అర్ధరాత్రి, తెల్లవారుజామున ఉంటాయి. నిద్ర ఆపుకోవడానికి చాయ్, చాయ్‌తో బిస్కెట్లు, ఏ బండి మీదో వేడి మిర్చిబజ్జీ.

ఈ మార్పును అంకెల్లో చెప్పవచ్చు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం 65 కిలోల బరువున్న మగమనిషికి, కూర్చుని చేసే పని అయితే రోజుకు 2,110 కెలోరీలు చాలు. మధ్యరకం శ్రమ అయితే 2,710. ఒళ్ళు వంచి చేసే కష్టమైతే 3,470. అనగా పొలంలో ఉన్నప్పటికీ కారులో కూర్చున్నప్పటికీ రోజుకు 1,360 కెలోరీల తేడా. కడుపుకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. అది పాత అలవాటు ప్రకారమే అడుగుతుంది.

పోయిన సంవత్సరం ఉగాది తర్వాత నాయినకు ఒక క్యాంపులో రక్తపరీక్ష చేశారు. మూడు నెలల చక్కెర సగటు (హెచ్‌బీఏ1సీ అంటారు) 6.2 వచ్చింది. 5.7 దాటితే హెచ్చరిక, 6.5కు చేరితే మధుమేహమే. బరువు 86 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు. మాత్రలు ఇప్పుడే అక్కర్లేదు, ముందు బరువు తగ్గమన్నారు డాక్టరుగారు. వయసు నలభై ఎనిమిది. ఇంటికి వచ్చి "నువ్వు సదివేది గిదే గదా బిడ్డా, ఏం చేయాలె చెప్పు" అన్నాడు.

అదిగో, అక్కడ నాకు పెత్తనం దొరికింది.

ట్రిప్పుల లెక్క వ్రాసుకునే పొడుగాటి నోటుబుక్కు ఒకటి నాయిన దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఎడమ పేజీ ట్రిప్పులకు, కుడి పేజీ తిండికి అని గీత గీశాను. వంటింట్లోకి ఎలక్ట్రానిక్ త్రాసు తెచ్చాను. బియ్యం, పిండి, పప్పు అన్నీ తూచి వండాలని హుకుం. మా అమ్మ మొదటి రోజే "ఇంట్ల త్రాసు పెట్టుకొని జోకుడేంది, ఇదేమన్న దుకాణమా?" అన్నది. నాయనమ్మ అయితే అంతకంటే ముందుకు పోయి "అన్నం జోకొద్దు బిడ్డా, లచ్చిమి పోతది" అన్నది. ఇద్దరినీ మూఢనమ్మకం కింద కొట్టిపారేశాను.

ఇక్కడ నాలుగు ముక్కలు పాఠం చెప్పక తప్పదు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడి చేయడానికి పట్టే ఉష్ణమే మనం తిండి విషయంలో చెప్పుకునే కెలోరీ. శాస్త్రం ప్రకారం కిలోకెలోరీ అనాలి. పిండిపదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9 అనే లెక్క అమెరికా శాస్త్రజ్ఞుడు విల్బర్ ఆట్వాటర్ 19వ శతాబ్దపు చివరి రోజుల్లో చేసిన ప్రయోగాల నుండి వచ్చింది. ఈ లెక్కను బరువు తగ్గేవాళ్ళ చేతికి అందించిన పుస్తకం 1918లో వచ్చింది. వ్రాసింది లులు హంట్ పీటర్స్ అనే అమెరికన్ డాక్టరమ్మ. చిత్రమేమంటే మన పోషకాహార సంస్థ పుట్టిందీ ఆ 1918లోనే, కూనూరులో, బెరిబెరి వ్యాధిని పరిశోధించే చిన్న గదిగా. అక్కడ తిండి పెంచడం అవధానం, ఇక్కడ తగ్గించడం. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన తెలుగువాళ్ళు గర్వపడవలసిన సంగతి మరొకటి: తిన్నదాంట్లోని శక్తి కండరానికి అందే దారిలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టీ.పీ.ని 1929లోను ఫిస్కేతో కలిసి హార్వర్డులో పట్టుకున్నవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. (అదే ఏ.టీ.పీ.ని అప్పుడే జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనిపెట్టాడు.)

నేను నాయినకు 1,600 కెలోరీల హద్దు పెట్టాను. మొదటి మూడు నెలలూ మా ఇంట్లో సైన్సు విజయభేరి మోగించింది. రోజుకు ఆరు చాయ్‌లు తాగుతున్న సంగతి వ్రాస్తే గాని ఆయనకే తెలియలేదు. ఒక్కో కప్పుకు నా అంచనా 70. అంటే తిండి అని ఎవరూ అనుకోని చోట 420. అమ్మ కూరలో పోసే నూనె చెంచాకు 45. లెక్క వ్రాయడంలోని మేలు ఇదే. కనపడనిది కనపడుతుంది. నేను లెక్కకు వ్యతిరేకిని కానని ఇక్కడే చెప్పుకుంటున్నాను. ఏప్రిల్ మధ్య నుండి జూలై నెలాఖరుకు, 105 రోజుల్లో, 86 కిలోలు 79 అయింది.

ఆ రోజుల్లోనే మా మేనత్త కొడుకును దుబాయికి సాగనంపడానికి విమానాశ్రయం పోయాము. పేరున్న కంపెనీల ఫలహారశాలల బోర్డుల మీద ధర పక్కనే కెలోరీలు కూడా వేసి ఉన్నాయి. దేశంలో పది లేక అంతకు మించి శాఖలున్న హోటళ్ళు, కేంద్ర లైసెన్సు ఉన్నవి 2022 జూలై నుండి అట్లా వేయాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన. నాయిన ఆగి చదివి, "చాయ్ మీద గూడ అంకెలేనా!" అని నవ్వి, "మా పార్కింగు బండాయన గిట్ల రాస్తే ఒక్కడు గూడ తాగడు" అన్నాడు. అంతవరకు మేమిద్దరం ఒక జట్టు.

ఆగస్టులో ముల్లు ఆగిపోయింది. ఒక వారం, రెండు వారాలు, ఐదు వారాలు. 79, 79.2, 78.9, మళ్ళీ 79.

ఇది ఎందుకు జరుగుతుందో నా పుస్తకాల్లోనే ఉంది, చదివిందే, కాని పరీక్షలో వ్రాయడం వేరు, ఇంట్లో గుర్తుకు రావడం వేరు. 86 కిలోల ఒంటికి పట్టే ఖర్చు 79 కిలోల ఒంటికి పట్టదు. చిన్న బండికి పెట్రోలు తక్కువ. అదిగాక తిండి తగ్గిందని తెలిసిన శరీరం తన పొదుపు తాను మొదలుపెడుతుంది. కొవ్వు కణాల నుండి మెదడుకు వార్త మోసే లెప్టిన్ అనే హార్మోను తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. మనిషి తనకు తెలియకుండానే కదలిక తగ్గిస్తాడు. లేచి తెచ్చుకునే నీళ్ళ చెంబు కూర్చున్నచోటికే అడుగుతాడు. ఈ పొదుపు ఎంత దూరం పోగలదో చూపిన ప్రయోగం ఒకటి ఉంది. రెండవ ప్రపంచయుద్ధం చివర, 1945లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులను 24 వారాలు సగం కడుపుతో ఉంచాడు. యుద్ధంలో చేరమన్నవాళ్ళు, ఆకలితో ఉన్న ఐరోపాకు పనికివస్తుందని తమంతట తాము ఒప్పుకున్నవాళ్ళు. వాళ్ళ బరువు సుమారు నాలుగో వంతు పడిపోయింది. అయితే నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది వాళ్ళ మనసుకు పట్టిన స్థితి. చిరాకు, నీరసం, ఎవరితోనూ పొత్తు కుదరకపోవడం, పగలూ రాత్రీ తిండి ధ్యాసే, కొందరు వంటల పుస్తకాలు పోగేసుకొని చదువుకోవడం! మా నాయినకు పెట్టింది అంత కరువు కాదు. అయినా ఆ సెప్టెంబరులో ఆయన ఫోనులో రాత్రిపూట బిర్యానీ వండే వీడియోలు చూస్తుంటే నాకు ఒక్కసారిగా ఆ యువకులు గుర్తుకు వచ్చారు.

కాని నేను చేసిందేమిటి? హద్దును 1,600 నుండి 1,450కి దించుదామా అని ఆలోచిస్తూ నోటుబుక్కు తీసి కూడికలు మొదలుపెట్టాను. అప్పుడు కనపడింది. ఇరవై మూడు రోజులు వరుసగా, ప్రతి రోజు మొత్తం 1,590కీ 1,610కీ మధ్యనే ఉంది. ప్రయోగశాలలో పదిసార్లు టైట్రేషన్ చేసి పదిసార్లూ ఒకటే విలువ తెచ్చిన విద్యార్థిని మా సారు ఏమంటారో మన విభాగంలో అందరికీ తెలుసు. మే నెల పేజీల్లో 1,480 ఉంది, 1,830 ఉంది, ఒక పెళ్ళినాడు 2,400 కూడా ఉంది. నిజమైన లెక్క అట్లాగే ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇదేమో కంసాలి సాఫు చేసినట్టుంది.

అడిగాను. అడిగిన తీరు మంచిగా లేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. అమ్మ ముందర, నాయనమ్మ ముందర, పేజీ తిప్పి చూపుతూ అడిగాను.

నాయిన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. "నువ్వు గుస్స అయితవని రాసిన బిడ్డా. రెండు బజ్జీలు తిన్ననాడు రాత్రి అన్నం బంద్ పెట్టేది. లెక్క సరిపోవాలె గదా."

ఆ తర్వాతిది అమ్మకు కూడా అప్పటిదాకా తెలియదు. అట్లా రాత్రి తినకుండా ఒక ట్రిప్పు దింపి తిరిగి వస్తుంటే తొండుపల్లి దాటినాక కళ్ళు తిరిగాయట. "బండి పక్కకు ఆపిన. డ్యాష్‌బోర్డుల బిస్కెట్ పూడ ఉండె, తిని పావుగంట పండుకున్న. ఏం కాలే." ఏం కాలేదు, నిజమే. జాతీయ రహదారి మీద లారీల నడుమ ఏమి కావచ్చునో ఆ రాత్రంతా నేను పడుకొని లెక్క వేసుకున్నాను. అట్లాంటి లెక్క ఏ నోటుబుక్కులోనూ పట్టదు.

మరునాడు లైబ్రరీలో కూర్చున్నాను. బరువు తగ్గే మధ్యలో ఆగవచ్చునా, ఆగితే ఉన్నదీ పోతుందా అన్నది నా ప్రశ్న. దీని మీద పని జరిగిందని అప్పుడే తెలిసింది. 2003లో రీనా వింగ్, రాబర్ట్ జెఫరీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అసలు ఒక దుర్బుద్ధితోనే మొదలుపెట్టారు! బరువు తగ్గుతున్నవాళ్ళను మధ్యలో ఆపితే వాళ్ళు ఎట్లా జారిపోతారో చూద్దామని, కొందరికి ఆరు వారాల విరామం ఒకేసారి, కొందరికి రెండేసి వారాల చొప్పున మూడు విరామాలు ఇచ్చారు. తీరా వాళ్ళు జారిపోలేదు. మళ్ళీ మొదలుపెట్టమంటే మొదలుపెట్టారు. చివరికి ఆగనివాళ్ళకూ ఆగినవాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. 2017లో ఆస్ట్రేలియా నుండి నూలా బర్న్, ఆమె సహచరులు ప్రచురించినది ఇంకా పేరు తెచ్చుకుంది. 51 మంది స్థూలకాయులైన పురుషులు. సగం మంది ఏకధాటిగా 16 వారాలు తిండి తగ్గించారు. మిగతా సగం రెండు వారాలు తగ్గించి, రెండు వారాలు బరువు నిలబడేటంత తిని, అట్లా అదే 16 వారాల తగ్గింపును 30 వారాల్లో పూర్తి చేశారు. మొదటివాళ్ళు సగటున 9.1 కిలోలు తగ్గితే, విరామం తీసుకున్నవాళ్ళు 14.1 తగ్గారు.

ఇది చదివి ఎగిరి గంతు వేశాను గాని, సైన్సు చదివినవాళ్ళు ఒక్క కాగితం పట్టుకొని ఊరేగకూడదు. 2021లో వచ్చిన మరొక ఆస్ట్రేలియా అధ్యయనంలో, వ్యాయామం చేసే 61 మంది మీద, వారం రోజుల విరామాలు కొవ్వు తగ్గడంలో అదనపు లాభం ఏమీ చూపలేదు. కాని వాళ్ళకు ఆకలి బాధ తక్కువగా ఉంది. నాకు అర్థమైనంతవరకు విరామం అనేది శరీరం మీద మంత్రమేమీ కాదు. జీవక్రియ "మళ్ళీ రాజుకుంటుంది" అని అమ్ముకునేవాళ్ళను నమ్మకండి. అది నష్టం చేయదు, మనిషికి ఊపిరి ఇస్తుంది. మా నాయినకు కావలసింది అదే.

ఇంకొక సందేహం కూడా ఆ రోజు నన్ను పట్టుకుంది. నేను అంత నమ్మిన ఆ అంకెలు ఎంత గట్టివి? ఇదే పోషకాహార సంస్థ పాత పట్టికల్లో, గోపాలన్‌గారి పుస్తకంలో, వంద గ్రాముల బియ్యానికి 345 కెలోరీలు, జొన్నలకు 349. అదే సంస్థ 2017లో తెచ్చిన కొత్త పట్టికల్లో బియ్యం 356, జొన్నలు 334. రెండూ నిజాయితీగా కొలిచినవే. నమూనాలు వేరు, కొలిచే పద్ధతి వేరు. దీనిమీద అమ్మ చెయ్యి జారి పడిన నూనె, చెట్నీలో ఎక్కువైన పల్లీలు, బండి మీది చాయ్‌లో పాలెన్నో నీళ్ళెన్నో. వందో నూటయాభయ్యో తేడా ఎప్పుడూ ఉంటుంది. అటువంటి లెక్కలో పది కెలోరీల కోసం నేను తండ్రి చేత అబద్ధం వ్రాయించాను. (మన హాస్టలు మెస్సులో ఈ లెక్క వేయబోయిన స్నేహితురాలొకతె ముందు పప్పుచారులో పప్పును వెతకవలసి వచ్చి విరమించుకుంది.)

ఎంగిలిపూల బతుకమ్మ నాడు మొదలుపెట్టి పద్నాలుగు రోజులు విరామం అని ఇంట్లో ప్రకటించాను. నాయిన అనుమానంగా చూసి "ఇది గూడ పరీక్షనా?" అన్నాడు. కాదన్నాను. త్రాసును నేనే పై అటక మీద పెట్టాను.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి, ఏలనగా ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. లెక్కకు సెలవు అంటే తిండికి తిరునాళ్ళ కాదు. బరువు తగ్గేటంత తక్కువా కాదు, పెరిగేటంత ఎక్కువా కాదు, ఉన్నచోట నిలబడేటంత తినాలి. అది ఎంతో మా పాత పేజీలే చెప్పాయి. అబద్ధం లేని 105 రోజుల్లో తగ్గింది 7 కిలోలు. కిలో కొవ్వుకు సుమారు 7,700 కెలోరీలు అనుకుంటే 53,900. రోజుకు 513 లోటు. తిన్నది 1,600. కలిపితే 2,100 పైన. మొదట్లో తగ్గిన దాంట్లో కొంత నీరు ఉంటుంది, ఒళ్ళు కూడా చిన్నదైంది గనుక కొంచెం కోసి 2,000 అనుకున్నాను. అంటే రోజూ తినేదానికి 400 చేర్చాలి. దాన్ని అంకెగా నాయినకు చెప్పలేదు. పొద్దున ఇంకొక జొన్నరొట్టె, రాత్రి ఇంకొక గరిటెడు అన్నం, దానిమీద కొంచెం పప్పు. అంతే. పళ్ళెంలో సగం కూరలు, ఆకుకూరలు. చాయ్ మూడు, చక్కెర సగం. ఈ అలవాటు మాత్రం వదలొద్దన్నాను. రాత్రి భోజనం ఏ కారణం చేతా మానకూడదు. ట్రిప్పు కోసం వేచి ఉన్నప్పుడు సీట్లో కూర్చోకుండా అరగంట నడక. సద్దుల బతుకమ్మ నాడు, దసరా నాడు ఏ షరతూ లేదు.

తొమ్మిది రోజులూ ఇంట్లో నవ్వులు వినపడ్డాయి. అమ్మ సద్దుల నాడు పులిహోర, నువ్వుల సద్ది, మలీద ముద్దలు చేసింది. నాయిన మలీద ఒకటి తిని రెండోది తీసుకోబోయి అలవాటుగా నా వైపు చూశాడు. ఆ చూపు నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

నాలుగో రోజు తూగితే 80.3. నాయిన ముఖం మాడిపోయింది. "అయిపాయె, మళ్ళ ఎక్కిన." అప్పుడు మాత్రం నా చదువు అక్కరకు వచ్చింది. నాలుగు రోజుల్లో కిలోకు పైగా కొవ్వు పట్టాలంటే తినవలసినదానికంటే పదివేల కెలోరీలు ఎక్కువ తినాలి. అంత తిన్నావా అని అడిగాను. లేదన్నాడు. మరి ఏమిటది? తిండి తగ్గినప్పుడు కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండినిల్వ తరిగిపోతుంది. మళ్ళీ అన్నం, రొట్టె పెరగగానే అది నిండుతుంది. ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని వెంటబెట్టుకొని కూర్చుంటుంది. దానికి తోడు పండుగ వంటల్లోని ఉప్పు. వడ్లబస్తా తడిస్తే బరువెక్కినట్టే గాని వడ్లు పెరిగినట్టు కాదు. వడ్ల మాట రాగానే ఆయనకు వెంటనే అర్థమైంది. తడిసిన బస్తాలు మోసిన భుజాలు గదా.

పద్నాలుగో రోజు 79.6. త్రాసును అటక మీది నుండి దించి మళ్ళీ లెక్క మొదలుపెట్టాము, కాని ఈసారి షరతులు నాయినవి. ఒకటి, బుక్కును నేను చూడకూడదు. ఆయన చూపిస్తేనే చూడాలి. రెండు, అందరి ముందర అడగకూడదు. మూడవది అమ్మ చేర్చింది. అన్నం తూచడం ఉండదు, గరిటె లెక్క చాలు. హద్దును 1,600 నుండి 1,700కు పెంచాను, బదులుగా నడక పెరిగింది. వారానికి 78.7. ఐదారు వారాలుగా కదలని ముల్లు కదిలింది. శరీరం పొదుపు సడలించిందా, లేక దొంగలెక్క పోయి అసలు లెక్క వచ్చినందుకా అని అడిగితే, నా ఓటు రెండోదానికే. సంక్రాంతికి వారం విరామం ఆయనే అడిగి తీసుకున్నాడు. జనవరి చివర 76.8 కిలోలు, చక్కెర సగటు 5.8. డాక్టరుగారు ఇట్లాగే పొమ్మన్నారు.

మన కాలేజీలో ఫోన్లలో కెలోరీల లెక్క పెట్టుకుంటున్నవాళ్ళు, ముఖ్యంగా నా తోటి విద్యార్థినులు, తక్కువేమీ లేరు గనుక ఒకటి రెండు మాటలు. ఒడ్డూ పొడుగూ సరిగానే ఉండి, అద్దం చెప్పిందని తిండి మానేస్తున్నవాళ్ళకు కావలసింది విరామం కాదు, ఆ లెక్కను పూర్తిగా వదలడం. అంకె తప్పితే ఏడుపు వస్తున్నా, తిన్నది కక్కాలనిపిస్తున్నా, నెలసరి ఆగినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి. చక్కెరకు మాత్రలో ఇన్సులినో వాడుతున్న అమ్మానాన్నలకు మీరు నాలాగా ఇంట్లో కూర్చుని హద్దులు పెట్టకండి, విరామాలూ ఇవ్వకండి. తిండి మారితే మందు మోతాదు మారాలి, అది డాక్టరు పని. బియ్యం సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. మా పొరుగున రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన తెలంగాణ సోనా, ఆర్.ఎన్.ఆర్. 15048, రక్తంలో చక్కెరను కొంత నెమ్మదిగా పెంచుతుందని పేరు. మా ఇంట్లోనూ అదే వండుతున్నాము. కాని కొన్ని దుకాణాల్లో దాన్ని "షుగర్ ఫ్రీ" అంటున్నారు. అది ఉత్త మాట. గరిటెకు కెలోరీలు మామూలు బియ్యానికి ఉన్నంతే ఉంటాయి.

నాయనమ్మ మాట ఒకటి మిగిలింది. త్రాసు కిందికి దిగిన రోజు ఆమెను అడిగాను, అన్నం జోకొద్దని ఎందుకన్నావని. "జోకినంక ఇంకొంచెం పెట్టు అని ఎవ్వడు అడుగుతడు బిడ్డా?" అన్నది.

ఈ వ్యాసం వ్రాయడానికి తేదీలు, బరువులు కావలసి మొన్న నాయినను బుక్కు అడిగాను. కాసేపు ఆలోచించి ఇచ్చాడు. ఫిబ్రవరి పేజీల్లో ఒకనాడు ఎడమ పక్క ట్రిప్పులు లేవు. కుడి పక్క ఆయన పెద్ద పెద్ద అక్షరాలతో ఒక్క ముక్క ఉంది: "కొత్తూరు. అక్క బిడ్డ పెండ్లి. లెక్క లేదు." దాని కింది గీత దాటినాక, మరునాటి తేదీ వేసి, "చాయ్ 3. రొట్టె 2."